కొయ్యగుండు దొర్లే ఇల్లు

ఆ వీధిలో నిలబడి ఏ ఇంట్లోకి తొంగిచూసినా అవతల ఏరు కనిపించేది. వీధి తలుపు, దానికి సూటిగా ముందుగది, ఆ తర్వాత వెనకగది, ఆపైన పెరటి తలుపు. ఆ తలుపు చట్రంలో పటం కట్టి పెట్టినట్టు కాస్తంత నీళ్ళ మెరుపు. కొత్తగా వచ్చినవాళ్ళు "ఇదేం కట్టడమయ్యా, దొంగకి దారి చూపించినట్టు!" అని నవ్వేవాళ్ళు. నిజమే, కాపురం గుట్టు దాచుకోవడం అక్కడ కష్టం. మొగుడూ పెళ్ళాం పోట్లాడుకుంటే మాట వీధిలోకి వినిపించేది, గిన్నె ఏట్లోకి పడేది.

వీధికి ఎగువన కొండ, దిగువన ఏరు, మధ్యన తాడు మీద బట్టలు ఆరేసినట్టు వరసగా ఇళ్ళు. కొండమీద కుండపోతగా కురిస్తే ఆ నీళ్ళు ఏటికి పోవాలి. పోవాలంటే ఇళ్ళు అడ్డం. ఎప్పటివాళ్ళో ఏమో, అడ్డం నిలబడి నీళ్ళతో కుస్తీ పట్టేకంటే "దయచెయ్యి తల్లీ, ఇలా వచ్చి అలా వెళ్ళు" అనడమే మేలని తేల్చుకున్నారు. అందుకే ఎదురెదురు తలుపులు. అందుకే వీధి గడప నుంచి పెరటి గడపదాకా నేలకి కంటికి ఆననంత వాలు. వరద వచ్చిన రోజున రెండు తలుపులూ ఊడదీసి, సామాను అటకమీద పెట్టి, దాని పక్కనే తామూ ఎక్కి కూర్చునేవాళ్ళు. కింద నుంచి నీళ్ళు పోతుంటే, చుట్టాన్ని రైలెక్కించి చెయ్యి ఊపే మనిషిలా చూస్తూ ఉండేవాళ్ళు.

గోడలు మట్టివి. పక్కపక్క ఇళ్ళకి మధ్య గోడ ఒకటే, రెండు అటకల దూలాలూ దానిమీదే. మట్టిగోడ తడిస్తే ఏమీ అనుకోదు. నీళ్ళు కదలకుండా దాని భుజాన ఆనుకుని నిలబడితేనే దానికి ప్రాణం విసుగు. వరద తీశాక ఇంట్లో మిగిలిన ఒండ్రుని ఎవరూ పారబోసేవారు కారు. తరిగిన గడ్డి కలిపి, కాళ్ళతో తొక్కి, అదే మట్టితో గోడలు మెత్తేవారు. కొండ తను కొట్టిన దెబ్బకి మందు తనే పంపేదన్నమాట. లోకంలో ఇంత మర్యాదగల శత్రువు ఎక్కడ దొరుకుతుంది!

ఆ వీధిలో తలుపులన్నీ ఒకే చేతి పని. ఆ చేతి మనిషిని అందరూ చిత్రిక అనేవాళ్ళు. చిత్రిక అంటే వడ్రంగి చెక్కని నునుపు చేసే పనిముట్టు. ఆయన చెక్కనే కాదు, మాటని కూడా చిత్రిక పట్టి, పొట్టు తీసి, సన్నగా ఇచ్చేవాడు. రోజుకి నాలుగు మాటలు మాట్లాడితే ఐదోది దగ్గు. ఆయన తలుపులకి ఇనప బందులుండవు. తలుపు రెక్కకి కిందా మీదా ఒక్కో కొయ్య మొన, గడపలో గుంట, పైచట్రంలో గుంట. మామూలు రోజుల్లో ఏనుగు తోసినా కదలదు. కింద నుంచి రెండు చేతులా ఎత్తి పక్కకి లాగితే పసిపిల్ల కూడా ఊడదీయగలదు. "తలుపన్నది ఎప్పుడు అడ్డం నిలబడాలో, ఎప్పుడు తప్పుకోవాలో తెలిసినదై ఉండాలి. మనుషులకి ఎలాగూ తెలీదు" అన్నాడొకసారి. ఆయన జీవితంలో అదే పెద్ద ఉపన్యాసం.

ఏటా వానలకి ముందు ఆయన ఇల్లిల్లూ తిరిగేవాడు. చంకలో ఒక కొయ్యగుండు. పిడికిలికి కాస్త పెద్దది, ముదురు చెక్కతో చేసింది, చేతులు పడీ పడీ నల్లగా నిగనిగలాడేది. వీధి గడపలో గొంతుకూర్చుని దాన్ని నేలమీద వదిలేవాడు. తోసేవాడు కాదు, వదిలేవాడు. గుండు తనంతట తను బయల్దేరి, ముందుగది దాటి, వెనకగది దాటి, పెరటి గడప మీంచి దూకి మెట్లమీద పడితే ఆ ఇంటికి ఆ ఏడు భయం లేదని లెక్క. దారిలో ఆగిందా, అక్కడ నేల కుంగిందనో, ఇల్లాలు సామాను అడ్డం పెట్టిందనో అర్థం. "రోలు జరపండి" అనేవాడు. లేదా "ఇక్కడ మట్టి కొట్టండి." అంతే, పక్కింటికి.

ఆయన భార్య చాపలు నేసేది. ఏటి ఒడ్డు పొడవునా తుంగ పెరిగేది, ఆకుపచ్చగా, మనిషి నడుమెత్తున. ఆ తుంగని కోసి, ఎండబెట్టి, చీల్చి, వెనకగదిలో మగ్గం మీద నేసేది. మగ్గమంటే పెద్ద హంగేమీ లేదు. నేలలో పాతిన మేకులకి రెండు వెదురు బొంగులు, వాటి మధ్య బిగించిన జనపనార పడుగు దారాలు, తుంగని ఒత్తుగా దిగ్గొట్టడానికి రంధ్రాలున్న బరువైన కొయ్య. ఆ కొయ్యని అచ్చు అంటారు. వాళ్ళిద్దరికీ పరిచయం అయ్యింది ఆ అచ్చుతోనే. చేయించుకోవడానికి వచ్చి, "రంధ్రాలు వంకర పోయాయి, మళ్ళీ చెయ్యి" అందట. మళ్ళీ చేశాడు. "ఇప్పుడు బరువు చాల్లేదు" అందట. మూడోసారి ఆయనే అచ్చు భుజాన వేసుకుని వాళ్ళింటికి వెళ్ళి, "వంకలు పెట్టడానికి రోజూ ఇంత దూరం రావడం నీకు శ్రమ" అన్నాడట. పెళ్ళి మాట ఎత్తడానికి అంతకంటే పొట్టి దారి ఎవరికీ తెలీదు.

తుంగ కొయ్యడంలో ఆవిడకో పట్టింపు ఉండేది. ఒక వరస కోస్తే పక్క వరస వదలాలి. వదిలినదాన్ని మరుసటేడు కోసి, కోసినదాన్ని అప్పుడు వదలాలి. ఏరు ఒరుసుకునే అంచున ఉన్న దుబ్బుల్ని మాత్రం ఏనాడూ ముట్టకూడదు. "అవి గట్టుని పట్టుకున్న వేళ్ళు. వేళ్ళు కోసుకుని చాప మీద పడుకుంటామా?" అనేది. ఇళ్ళలోంచి దూకిన వరద గట్టుని కోసుకుపోకుండా ఆ దుబ్బులే ఆపేవి. పడుకుని నీళ్ళని మీంచి పోనిచ్చి, మర్నాటికి లేచి ఒళ్ళు దులుపుకునేవి.

ఇంకోటి కూడా ఆవిడ పెట్టిందే. ప్రతి ఇంటి పెరటి తలుపు పక్కన మేకుకి ఎండిన తుంగ చిన్న కట్ట ఒకటి వేలాడేది. పొద్దున్నే పెరట్లోకి వెళ్తూ దాన్ని వేళ్ళతో నలపాలి. గలగలమంటే మామూలు రోజు. మెత్తగా, తడిగుడ్డలా వంగితే కొండమీద ఏదో తయారవుతోందన్నమాట. ఆకాశం ఎంత నిర్మలంగా ఉన్నా సరే, మేకు మీది కట్ట వంగితే అటక సర్దుకోవాల్సిందే. ఒకటి రెండుసార్లు అదీ తప్పేది. "మరి నేనూ తప్పుతాను, ఆయనా తప్పుతాడు, గడ్డిపరకని అంటారేం?" అని వెనకేసుకొచ్చేది.

పక్కిల్లు ఆవిడ చెల్లెలిది. ఈ మరదలికి చిత్రిక పెట్టిన పేరు రంపం. పోతూ కోస్తుంది, వస్తూ కోస్తుంది. రెండిళ్ళ మధ్య గోడలో, ముందుగదివైపు, అరచెయ్యి పట్టేంత కంత ఉండేది. అక్కాచెల్లెళ్ళు అందులోంచే ఉప్పు అందుకునేవాళ్ళు, నిప్పు అందుకునేవాళ్ళు, ఊరి కబుర్లన్నీ అందుకునేవాళ్ళు. చిత్రిక ఆ కంత పక్కన కూర్చుని అన్నం తింటూ, వద్దన్నా చెవిలో పడే కబుర్లకి తల ఊపేవాడు.

అలాంటి ఇంట్లో చిత్రిక భార్య పోయింది. పెద్ద జబ్బు కూడా కాదు. ఆ ఏడు కోసిన తుంగతో మగ్గం మీద ఒక చాప మొదలుపెట్టింది, మామూలుకంటే వెడల్పుది. "నిద్దట్లో దొర్లి దొర్లి నేలమీదకి పోతావు. ఈసారి గోడ నుంచి గోడకి నేస్తా, ఎక్కడికి పోతావో చూస్తా" అంది. సగం నేసింది. జ్వరం వచ్చింది. చాప అక్కడే ఆగింది.

అందరూ వెళ్ళిపోయాక చిత్రిక వెనకగదిలోకి పోయి చూశాడు. పడుగు దారాలు బిగువుగా ఉన్నాయి. అచ్చు ఆవిడ వదిలినచోటే ఉంది. ఆఖరి పరక ఒకటి సగం దూర్చి వదిలేసింది, లేచివెళ్ళి నీళ్ళు తాగి వచ్చేదానిలా. పెరటి తలుపులోంచి గాలి వస్తే దారాలు సన్నగా వణికాయి. ఆయన పెరటి తలుపు మూశాడు. బయటికొచ్చి, పెళ్ళినాడు తను చేసిన బట్టల బీరువాని ముందుగదికీ వెనకగదికీ మధ్యనున్న దారికి అడ్డంగా జరిపాడు. గాలి ఆగింది.

దాంతో ఆ వీధిలో ఒక్క ఇంట్లోంచి మాత్రం ఏరు కనిపించడం మానేసింది.

అందరూ చూశారు, ఎవరూ అనలేదు. ఏడాది పోనిద్దాం అనుకున్నారు. ఏడాది పోయింది, ఇంకో ఏడాది పోయింది. వానలు కూడా మొహమాటపడ్డట్టు పల్చగా కురిసి ఊరుకున్నాయి. చిత్రిక మాత్రం యథాప్రకారం చంకలో గుండు పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడు. రోళ్ళు జరిపించాడు, గుంటలు పూడ్పించాడు. తన గడప దగ్గరికి వచ్చేసరికి గుండుని గూట్లో పెట్టేసేవాడు.

రంపం ఊరుకునే రకమా?

"ఏం బావా, ఊరందరికీ వైద్యం చేసి మీ ఇంటికి తాయెత్తు కట్టావా?"

"చేస్తాలే."

"నీ 'లే' వయసెంతో తెలుసా? దానికి పళ్ళు కూడా వచ్చాయి."

ఆయన ఐదో మాటగా దగ్గేవాడు. ఆవిడ కూడా అక్కడితో ఆపేది. రంపానికైనా ఏ చెక్క మీద ఆగాలో తెలుసు. అక్క తుంగ వరసల్ని మాత్రం ఆవిడే చూసుకునేది. ఒకటి కోసి, ఒకటి వదిలి, అంచు దుబ్బుల జోలికి పోకుండా.

మూడో ఏడు ఆవిడ కూతురు పురిటికి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. గోడ కంతలోంచి ఇప్పుడు కబుర్లకి బదులు పసిదాని ఏడుపు వినిపించేది. చిత్రిక దానికీ తల ఊపేవాడు.

ఒకరోజు పొద్దున్నే కంతలోంచి రంపం గొంతు. "బావా, మా తుంగ కట్ట మెత్తబడింది. మీది చూశావా?"

ఆయన చేతిలో ఉలి ఆగింది. తన కట్ట వెనకగదిలో, మూసిన తలుపు పక్కన, ఎవరి వేళ్ళూ తగలకుండా వేలాడుతోంది. "ఆఁ, చూశాను" అన్నాడు.

"ఏమంటోంది?"

"ఏముంది... మెత్తగానే ఉంది."

"మరి బీరువా?"

"జరుపుతాలే."

అవతల అటకమీదకి సామాను ఎక్కిస్తున్న చప్పుడు మొదలైంది. తన 'లే' ఆయనకి పొద్దుటంతా చెవిలో గింగురుమంటూనే ఉంది. రెండుసార్లు లేచి బీరువా దగ్గరికి వెళ్ళాడు, చెయ్యి వేశాడు. అది జరిగితే గాలి వస్తుంది. గాలి వస్తే ఆ ఆఖరి పరక పడిపోతుంది. వీధిలో చూస్తే ఎండ ఫెళ్ళున కాస్తోంది. గడ్డిపరక కదా, తప్పుతుంది కూడా అనుకుని మళ్ళీ పనిలో కూర్చున్నాడు. పెరటి చెట్టు మందుకి పనికిరాదంటారు. అడ్డం జరపండని ఇల్లిల్లూ చెప్పే తన మాట తన ఇంట్లోనే పనికిరాకుండా పోయిందని అప్పుడాయనకి తట్టలేదు.

అన్నాల వేళ దాటాక కొండవైపు నుంచి, ఎవరో గోనెసంచులు ఈడ్చుకొస్తున్నట్టు చప్పుడు వచ్చింది. ఆ చప్పుడు ఆ వీధిలో తెలియనివాళ్ళు లేరు. ఇంటింటా తలుపులు ఊడుతున్న మోతలు. చిత్రిక చేతులు ఆయన్ని అడక్కుండానే లేచి వీధి తలుపు రెక్కలు రెండూ ఎత్తి అటకమీదకి తోసేశాయి. ఎర్రటి నీళ్ళు గడప దాటి లోపలికి వచ్చాయి, రోజూ వచ్చే మనిషి చెప్పులు విప్పి వచ్చినంత నెమ్మదిగా. ముందుగదిలో నడిచాయి. బీరువాని తాకాయి. ఆగాయి.

ఆగి, వెనక్కి తిరిగాయి.

చీలమండలు మునిగాయి, ఆపైన పిక్కలు. వీధిలోంచి ఇంకా వస్తూనే ఉన్నాయి, పోవడానికి మాత్రం బీరువా కింది సందు తప్ప దారి లేదు. నీళ్ళు మధ్య గోడ అంచున నిలబడి గుండ్రంగా తిరుగుతున్నాయి. గోడ అడుగున మట్టి రంగు మారడం చిత్రిక చూశాడు. ముందు ముదురయింది, ఆపైన నిగారించింది, ఆపైన ఒక పెచ్చు నానిన రొట్టెముక్కలా జారిపోయింది. కంతలోంచి పసిదాని ఏడుపు వినిపించింది, కింద నుంచి కాదు, పైనుంచి. అటకమీదున్నారు. అటక దూలాలు ఈ గోడమీదున్నాయి.

ఆయన బీరువాకి భుజం ఆన్చాడు. పెళ్ళినాటి బీరువా, పెళ్ళినాటి భుజం కాదు. నీళ్ళలో ఒకసారి జారాడు. రెండోసారి తోస్తుంటే పక్కన ఇంకో భుజం పడింది. రంపం. చీర మోకాళ్ళ పైకి దోపుకుని, వీధిలోంచి నీళ్ళకి అడ్డంపడి వచ్చింది.

"నువ్వెందుకు వచ్చావే? పైకి పో!"

"నీ 'లే'ని చూసిపోదామని వచ్చాను. తొయ్యి!"

బీరువా ఒక మూలుగు మూలిగి పక్కకి ఒరిగింది. నీళ్ళు ఒక్క దూకున వెనకగదిలోకి పోయాయి. పోయి, మళ్ళీ ఆగాయి. ఎదురుగా మగ్గం. గది వెడల్పునా బిగించిన పడుగు, దానిమీద సగం చాప. నీళ్ళతో వచ్చిన ఆకులు, కొమ్మలు, ఎవరిదో చీపురు, అన్నీ వలలో చేపల్లా దారాలకి చిక్కుకుని అప్పుడే కట్ట కడుతున్నాయి. మామూలప్పుడైతే దాని మీంచి అడుగేసి పోవచ్చు, ఇంత చెత్త కట్టాక మాత్రం ఆ మగ్గం తెగితే తప్ప పెరటి తలుపు దాకా మనిషీ పోలేడు, నీళ్ళూ పోలేవు.

మొలలోని ఉలి ఆయన చేతిలోకి వచ్చింది. వచ్చి అక్కడే ఉండిపోయింది.

కొయ్యమని అరుస్తుందనుకున్నాడు. రంపం ఆయన మణికట్టు పట్టుకుంది. "ఊరికే కొయ్యకు బావా! అంచు ముడి పడకపోతే అంతా ఊడిపోతుంది. నేను ముడేస్తూ వస్తా, నా వెనకాల నువ్వు కోస్తూ రా."

"టైము లేదే. గోడ..."

"గోడ నాది కాదా? దానిమీద కూర్చుంది నా కూతురు కాదా? చాప మా అక్కది. చెయ్యి కదుపు!"

ఆవిడ వేళ్ళు దారాల్ని జతలు జతలుగా పట్టి మెలేసి ముడేస్తుంటే, ఆ ముడి పక్కన ఆయన ఉలి పడింది. ముడి, కోత. ముడి, కోత. ఒక్కో దారం తెగినప్పుడు వీణతీగ తెగినట్టు టంగుమంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. సగం దాకా వచ్చారో లేదో, వెనక ధబ్బుమని చప్పుడు. మధ్య గోడలోంచి బుట్టెడు మట్టి ఊడి నీళ్ళలో పడింది. అటకమీంచి కూతురు కేక పెట్టింది, "అమ్మా! దూలం కదులుతోందే!"

రంపం చేతులు ఇంకా ముడి వేస్తూనే ఉన్నాయి. ఆగలేకపోతున్నాయి.

"చాలు" అన్నాడు చిత్రిక.

"ఇంకొంచెమే బావా..."

"చాలమ్మా. అక్క అయినా చాలనే అంటుంది."

ఆవిడని పక్కకి జరిపి, మిగిలిన దారాల మీద ఉలిని అడ్డంగా లాగాడు. ఇటునుంచి అటు, ఒకే లాగు. మగ్గం సగానికి విడిపోయింది. ముడిపడని వైపు పరకలు గుప్పున లేచి నీళ్ళమీద పరుచుకున్నాయి. ఆవిడ సగం దూర్చి వదిలిన ఆఖరి పరక వాటిలో ఎక్కడుందో ఆయన చూడలేదు. ముందుకి దూకి పెరటి తలుపు కింద రెండు చేతులూ పెట్టి ఎత్తాడు. మూడేళ్ళుగా తెరవని తలుపు. ఎక్కడా పట్టలేదు, కిర్రుమనలేదు. ఎత్తగానే అలవాటైన పిల్లలా చేతుల్లోకి వచ్చేసింది.

ఇల్లు ఊపిరి వదిలింది. నీళ్ళు ఆయన కాళ్ళ మధ్యనుంచి, పరకల్నీ చీపురునీ వేసుకుని, పెరటి మెట్లమీంచి తుంగ దుబ్బుల మీదకి దూకి ఏట్లో కలిశాయి. దుబ్బులు పడుకుని దారిచ్చాయి. రంపం చాపని చుట్టి చంకన పెట్టుకుని, గోడకి వీపు ఆన్చి నిలబడింది.

గోడ నిలిచింది. మర్నాడు వీధి వీధంతా ఒండ్రు తొక్కుతూ కనిపించింది. చిత్రిక ఇంటి గోడకి మాత్రం అందరికంటే ఎక్కువ మట్టి పట్టింది. తొక్కుతున్నంతసేపూ రంపం ఆయన్ని కోస్తూనే ఉంది. "బావ ఇంట్లో ఒండ్రు ఎక్కువ మిగలాలని బీరువా పెట్టాడు, ముందుచూపు!" అంది. ఆయన నవ్వాడు. ఆయన నవ్వడం చూసి, ఆవిడ మడమల దాకా మట్టిలో నిలబడి ఏడ్చింది.

చాప ఎండింది. ఒక వైపు అంచు ముడులతో గట్టిగా ఉంది, రెండో వైపు కుచ్చుల్లా చెదిరిపోయింది. "దారం కట్టి, నాలుగు పరకలు ఎక్కించి సరిచేస్తాను" అంది రంపం. "వద్దు, ఉండనీ" అన్నాడు. మనిషి పడుకోవడానికి పొడవు చాలదు. కానీ వెడల్పు, గోడ నుంచి గోడకి నేస్తానన్న వెడల్పు. పెరటి గుమ్మం పక్కన పరిస్తే, పసిపిల్ల అటు దొర్లినా ఇటు దొర్లినా నేల తగలకుండా సరిపోయింది. రోజూ మధ్యాహ్నం మనవరాలిని తెచ్చి దానిమీద పడేసి, రంపం పెరటి మెట్లమీద కూర్చుని తుంగ చీల్చుకునేది. ఇంట్లో మళ్ళీ గాలి ఆడింది. మేకుకి కొత్త కట్ట వేలాడింది. పోతూ వస్తూ ఆయన దాన్ని నలిపేవాడు, అవసరం ఉన్నా లేకపోయినా.

గోడలు ఆరాక ఒకనాడు చిత్రిక గూట్లోంచి గుండు తీశాడు. వీధి గడపలో గొంతుకూర్చున్నాడు. ఆ గడపలో ఆయన అలా కూర్చుని ఎన్నాళ్ళయిందో. ఎదురుగా ముందుగది, వెనకగది, తలుపు చట్రం, అందులో ఏటి మెరుపు. వేళ్ళు విప్పాడు. గుండు బయల్దేరింది. ముందుగది దాటింది. బీరువా ఉండిన చోట కాస్త తటపటాయించినట్టు ఊగి, దాటింది. చాప కుచ్చుల అంచుని రాసుకుంటూ పోతుంటే పసిది కిలకిలా నవ్వి చెయ్యి చాపింది, అందలేదు.

"పట్టుకోవే!" అని రంపాన్ని కేకేశాడు.

ఒకప్పుడు ఆ చివర మగ్గం ముందు కూర్చున్న మనిషి తల ఎత్తకుండానే కాలు అడ్డం పెట్టి ఆపేది. రంపానికి ఆ అలవాటు లేదు. ఆవిడ తల తిప్పేలోపు గుండు గడప దూకి, ఒక మెట్టు, ఇంకో మెట్టు, ఆపైన బుడుంగుమంది.

రంపం నీళ్ళకేసి చూసింది, ఆయనకేసి చూసింది. "నేల బాగానే వాలింది బావా. కాస్త ఎక్కువే వాలింది."

చిత్రిక లేచి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ముదురు చెక్క, తేలుతుందేమోనని చూశాడు. తేలలేదు.

"వచ్చే ఏడు మళ్ళీ ఇల్లిల్లూ తిరగాలిగా, వట్టి చేతుల్తో వెళ్తావా?" అంది ఆవిడ. "ఇంకోటి చెయ్యి."

ఆయన అప్పటికే చెక్కలు పేర్చిన మూల దగ్గరికి వెళ్ళిపోయాడు. ఒక ముక్క తీసి బరువు చూశాడు, పక్కన పెట్టాడు. ఇంకోటి తీసి పసిదాని చేతి దగ్గర పెట్టాడు. అది రెండు చేతులా పట్టుకుని నోట్లో పెట్టుకోబోయింది.

"ఇది తేలికగా ఉంటుంది, తేలుతుంది" అన్నాడు. చెక్క నునుపు చేసే చిత్రికని చేతిలోకి అందుకున్నాడు.